అమ్మ కూలి ఏ గడిలో?

తెల్లవారుజాము నాలుగున్నర. క్రషింగు రోజుల్లో ఉయ్యూరులో కోడి కంటే ముందు ట్రాక్టరు కూస్తుంది. చెరకు లోడు ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి మూలుగుతూ ఫ్యాక్టరీ గేటు వైపు పోతున్నాయి. కిటికీ రెక్క తెరిస్తే చాలు, మొలాసిస్ వాసన, కాస్త తీపి కాస్త పులుపు, చుట్టంలా లోపలికొచ్చి కూర్చుంటుంది. 1941లో పుట్టిన కె.సి.పి. కంపెనీ పంచదార ఫ్యాక్టరీ అది. అది ఆడినన్నాళ్ళూ మా ఇంట్లో అలారం పెట్టుకునే పని లేదు.

నేను ట్యూబులైటు కింద ఫైలు సర్దుకుంటున్నాను. ఇవాళ నా పీహెచ్‌డీ వైవా. సబ్జెక్టు అర్థశాస్త్రం. థీసిస్ పేరు చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి: కృష్ణా డెల్టాలో చెరకు సాగు ఖర్చులు, కౌలు, కుటుంబ శ్రమ. నాన్న భాషలో అయితే ఒక్క ముక్కే. "చెరకులో మిగులుద్దా, మిగలదా?"

ఆయన పెరట్లో టార్చిలైటు పట్టుకుని బూట్లు వెతుక్కుంటున్నాడు. నిన్న సాయంత్రమే కటింగ్ ఆర్డరు వచ్చింది. నరికే ముఠా ఈపాటికి తోట గట్టు మీద ఉండి ఉంటుంది.

"నేను రాలేను తల్లీ. నరికిన చెరకు ఒక్క రోజు ఆగినా బరువు తగ్గుద్ది. అమ్మని తీసుకుపో."

అమ్మ మూడింటికే లేచింది. ముఠావాళ్ళకి టీ ఫ్లాస్కులో పోసింది, నాన్నకి కారేజీ కట్టింది, డిపార్టుమెంటులో పంచడానికి సున్నుండలు డబ్బాకెత్తింది. ఇప్పుడు జరీ అంచు చీరలో, కొప్పులో చేమంతులతో గుమ్మంలో నిలబడి ఉంది, పెళ్ళికి బయలుదేరినట్టు. మాఘమాసం, వీరమ్మ తల్లి తిరునాళ్ళ రోజులు. బస్టాండుకి వెళ్ళే దారిలో గుడి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి, నా తరఫున కూడా తనే మొక్కేసింది.

బస్సు ఎక్కాం. కండక్టరు ఆధార్ కార్డులు చూసి మిషనులోంచి రెండు చీటీలు చింపి ఇచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బులు లేవు. టికెట్టు మాత్రం ఉంది, దాని మీద సున్నా ఉంది. అమ్మ ఆ చీటీని దూరంగా పట్టుకుని చూస్తోంది.

"డబ్బులే తీసుకోనప్పుడు ఈ కాగితం ఎందుకే?"

"లెక్క కోసం. ఇలాంటి టికెట్లు ఎన్ని కొట్టారో చూసి ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది."

"అంటే ఊరికే కాదన్నమాట. ఎవరో కడతన్నారు." చీటీ మడిచి పర్సులో జాగ్రత్తగా పెట్టుకుంది.

గండిగుంట దాటింది. కిటికీ బయట మంచు, మంచులో మినుము చేలు. నేను ఫైలు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ తిరగేస్తున్నాను. నిన్న రాత్రి నాలుగుసార్లు చూసిందే. చేతులకి పనుంటే భయం కాస్త దూరంగా కూర్చుంటుంది.

అన్నిటికంటే కింద ఎం.ఏ. మార్కుల మెమో. అందులో 55 శాతం లేకపోతే పీహెచ్‌డీ గడపే తొక్కనివ్వరు. దాని మీద ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ కాగితాలు. నేను పాఠాలు చెప్పే కాలేజీ ఇచ్చిన ఎన్‌ఓసీ. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైముగా చేసేవాళ్ళకి అది తప్పదు. తర్వాత కోర్సు వర్కు మెమో: పరిశోధనా పద్ధతులు, గణాంకాలు, నా అంశానికి సంబంధించిన ఒక పేపరు, వాటి పక్కన రెండు క్రెడిట్ల పరిశోధనా నైతికత. ఆరు నెలలకోసారి సలహా సంఘం ముందు నిలబడి ఎంత చేశానో, ఎంత చేయలేదో ఒప్పుకున్న సంతకాల కాగితాలు. రెండు సదస్సుల్లో చదివిన పత్రాలు, ఒక జర్నల్లో అచ్చయిన వ్యాసం. 2022 నవంబరులో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చి వ్యాసం తప్పనిసరి కాదంది. నేను 2020లో చేరినదాన్ని, నాకు పాత రూలే. ఆపైన ప్రీ-సబ్మిషన్ సెమినారు, పది శాతం లోపు పోలిక ఉందని ప్లేగియరిజం రిపోర్టు, లైబ్రరీ నో డ్యూస్. అన్నిటికంటే పైన, థీసిస్ చదివి వైవా పెట్టవచ్చని బయటి పరీక్షకులు ఇద్దరూ ఒప్పుకున్న సంగతి చెప్పే ఉత్తరం.

కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు, ఆడవాళ్ళకి ఇంకో రెండేళ్ళ వెసులుబాటు. నాకు అయిదు దాటి ఆరు నడుస్తోంది.

"ఇవన్నీ అయినయ్యిగా. ఇంక ఇవాళ ఏం మిగిలింది?" అమ్మ ఫైల్లోకి తొంగి చూస్తూ అడిగింది.

"వాళ్ళు అడగాలి, నేను చెప్పాలి."

"అయిదేళ్ళ నుంచీ ఊళ్ళో అందర్నీ నువ్వే అడిగావు. ఒక్కరోజు వాళ్ళు అడిగితే ఏం పోయింది?"

కంకిపాడులో బస్సు నిండింది. కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, పూలబుట్టలు. ఆ సందడిలో నాకు మాత్రం మా వంటింటి వసారా కనిపిస్తోంది. 2023 ఫిబ్రవరి, నరుకుడు అయిపోయిన వారం.

నా ప్రశ్నావళి పద్నాలుగు పేజీలు. ఊళ్ళో చెరకు రైతుల జాబితా రాసి లాటరీ తీస్తే మా ఇల్లు కూడా వచ్చింది. తీసేద్దామనుకున్నాను. గైడ్ గారు ఒప్పుకోలేదు. "లాటరీలో వచ్చిన ఇంటిని మనదని తీసేస్తే అది నమూనా ఎలా అవుతుందమ్మా? అయితే నువ్వు అడగొద్దు, ఇంకొకరితో అడిగించు" అన్నారు. నాతోపాటు చేరిన స్నేహితురాలు వచ్చింది. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. నోరు విప్పకూడదు. మా ఇంటికి నేనే పరాయిదాన్నయిన రోజు అది.

నాన్న గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. దుక్కి ట్రాక్టరు బాడుగ, ముచ్చెలు, యూరియా కట్టలు, నీళ్ళ మోటారు, చెరకు పడిపోకుండా గడల్ని కలిపి కట్టే జడచుట్టు కూలీలు, నరుకుడు ముఠా, కౌలు చేనుకి ఇచ్చిన డబ్బు. జేబులోంచి పోయిన ప్రతి రూపాయీ ఆయనకి కంఠతా. స్నేహితురాలు పేజీ తిప్పి, అమ్మ వైపు చూసింది.

"ఆంటీ, ఈ పంటలో మీరు ఎన్ని రోజులు పని చేశారు?"

"నేనా? నేనేం చేశానమ్మా! ఇంట్లోనే ఉంటాగా."

నాకు మాట నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను.

తను వదల్లేదు. "ముచ్చెలు నాటిన రోజు ఎక్కడున్నారు?" "తోటలోనే." "కలుపప్పుడు?" "తోటలోనే. కూలోళ్ళతో పాటు నేనూ ఒక సాలు." "జడచుట్టు?" "చుట్టేది మగాళ్ళు. ఎండాకు ఒలిచి అందించేది నేను." ఒక్కో పనికీ ఎన్ని రోజులో వేళ్ళ మీద కూడిస్తే నలభై మూడొచ్చింది. నాన్న మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"అది కూడా ఖర్చేనా? ఖర్చంటే జేబులోంచి పోవాలిగా?"

అర్థశాస్త్రంలో నేను అప్పటికి చదివిన పుస్తకాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. దేశంలో ప్రధాన పంటల సాగు ఖర్చు ఒక పద్ధతి ప్రకారం లెక్కగట్టడం 1970-71లో మొదలైంది. చేతినుంచి పోయినదంతా, కౌలుతో సహా, ఏ2. దానికి ఇంటివాళ్ళ పని విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్. ఆ మీద సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడికి రావలసిన వడ్డీ కూడా వేస్తే సీ2. మా ఇంటి చెరకు ఏ2లో కళకళలాడుతుంది, ఎఫ్‌ఎల్ కలపగానే ముఖం చిన్నబోతుంది, సీ2 దగ్గరికొచ్చేసరికి నష్టంలో కూర్చుంటుంది. చేను ఒకటే, పంట ఒకటే. మారిందల్లా ఎవరి పనిని, వేటి విలువని లెక్కలోకి రానిచ్చామన్నదే.

బెంజిసర్కిల్ వచ్చింది. నెహ్రూ బస్టాండులో దిగి గుంటూరు బస్సు పట్టుకున్నాం. మళ్ళీ రెండు సున్నా టికెట్లు. వారధి ఎక్కగానే కింద కృష్ణ, ఇసుక మేటల మధ్య పాయలుగా. ఎగువన ప్రకాశం బ్యారేజి. 1855 నాటికి ఆనకట్ట పూర్తయి కాలువలు పారితేనే మా ఉయ్యూరు నేలకి ఈ విలువొచ్చింది. 1957లో దాని చోట బ్యారేజి నిలిచింది.

నా థీసిస్ రెండో అధ్యాయం కూడా ఈ నీళ్ళ దగ్గరే మొదలవుతుంది. అంతకు ముందు ఇదే పని చేసినవాళ్ళెవరో చెప్పనిదే నా మాట చెప్పే హక్కు రాదు. అది కూడా డిగ్రీ అడిగే అప్పుల్లో ఒకటి. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థులకి ప్రశ్నల జాబితా ఇచ్చి సొంత ఊళ్ళకి పంపాడు. ఆ సర్వేలు 1918లో పుస్తకమయ్యాయి. తర్వాత నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డుకి వెళ్ళొచ్చిన ఎన్.జి. రంగా ఈ డెల్టా పల్లెల ఆర్థిక జీవితం మీద 1926లో పుస్తకం తెచ్చారు. సరిగ్గా నూరేళ్ళు. ఆ విద్యార్థులు సెలవులకి ఇంటికెళ్ళి సొంత ఊరిని ప్రశ్నలడిగినప్పుడు వాళ్ళ అమ్మలు ఏమన్నారో నాకు ఎప్పుడూ కుతూహలమే.

మంగళగిరి కొండ, పానకాల స్వామికి అమ్మ నమస్కారం, కాజ టోల్‌గేటు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం గేటు దగ్గర దిగాం. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా గుంటూరులో మొదలై, 1976లో విశ్వవిద్యాలయమైంది. చెట్ల నీడలో నడుస్తుంటే అమ్మ చెప్పుల చప్పుడు నా గుండె చప్పుడు కంటే నెమ్మదిగా ఉంది.

పదకొండు గంటలు. సెమినార్ గదిలో నలభై కుర్చీలు, సగం నిండాయి. వైవా అంటే తలుపులు మూసి చేసే పరీక్ష కాదు. అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఎవరైనా కూర్చోవచ్చు, అడగవచ్చు. అమ్మ వెనక వరసలో, ఒళ్ళో సున్నుండల డబ్బాతో. ముందు వరసలో గైడ్ గారు, ఆయన పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు. తెల్లజుట్టు పెద్దాయన. నా థీసిస్‌లోంచి పసుపు చీటీలు నాలుకలు చాపుతున్నాయి. లెక్కబెట్టకూడదనుకుంటూనే లెక్కబెట్టాను. పందొమ్మిది.

ఇరవై నిమిషాలు తెర మీద చూపిస్తూ చెప్పాను. మొదటి ప్రశ్నలు తేలిక: ఈ మండలాలే ఎందుకు, మొక్క తోటనీ పిలక తోటనీ విడివిడిగా చూశారా, కౌలు నోటిమాటా కాగితమా. గొంతు సర్దుకుంది. అప్పుడు ఆయన ఒక పసుపు చీటీ దగ్గర వేలు పెట్టి తెరిచారు.

"ఇక్కడ కుటుంబ శ్రమ. ఆడవాళ్ళ రోజుకి ఏ రేటు కట్టారు?"

"ఊళ్ళో ఆడకూలీకి ఇచ్చే రేటు సర్."

"మగవాళ్ళకి మగకూలీ రేటు. కలుపు ఇద్దరూ తీస్తే?"

"అప్పుడూ... అంతే సర్."

"సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. మీ పట్టికకి ఇంకా రాలేదా?"

గదిలో చిన్న నవ్వు. నాకు చెవులు వేడెక్కాయి.

"పట్టిక ఊరిని చూసి రాసింది సర్, చట్టాన్ని చూసి కాదు. ఇంటి మనిషి చేయకపోతే ఆ పనికి బయట ఎంత ఇచ్చి చేయించుకోవాలో అదే ఆ పని విలువ అని తీసుకున్నాను."

"ఒప్పుకుంటాను. కానీ దాని పర్యవసానం చెప్పండి."

ఇది నాకు తెలుసు. "2025-26 సీజనుకి కేంద్రం చెరకు ధర క్వింటాలుకి 355 రూపాయలుగా ప్రకటించింది సర్, 10.25 శాతం పంచదార రికవరీకి. ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ ఖర్చు 173 కాబట్టి ధర దానికంటే 105.2 శాతం ఎక్కువని చెప్పింది. ఆ 173లో ఎఫ్‌ఎల్ ఒక భాగం. ఆడవాళ్ళ రోజుకి తక్కువ కడితే ఖర్చు తక్కువ కనిపిస్తుంది, ధర ఉదారంగా కనిపిస్తుంది. రికవరీ 9.5 దాటని చోట రైతుకి వచ్చేది 329 రూపాయల 5 పైసలే. ఇద్దరికీ మగకూలీ రేటే వేసి ఇంకో లెక్క కూడా చేశాను. అనుబంధంలో ఉంది."

"చూశాను. అసలు సంగతి అనుబంధంలో దాచారెందుకు?"

గైడ్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇది ప్రీ-సబ్మిషన్‌లో ఆయన అడిగిన ప్రశ్నే.

"సరే. ఇంకొకటి. ఏడాది సగటు రేటు వేశారు. మీ వైపు జడచుట్టు ఎప్పుడు?"

"ఆషాఢం, శ్రావణం సర్."

"వరినాట్లు?"

"అప్పుడే సర్."

"నాట్ల రోజుల్లో ఆడవాళ్ళ కూలి ఎలా ఉంటుంది?"

"పెరుగుతుంది సర్. గుత్తకి పోతే ఇంకా ఎక్కువ."

"అంటే ఆ రోజు సొంత తోటలో ఎండాకు ఒలిచిన మనిషి, బయటికి వెళ్తే తెచ్చుకోగలిగే నాటు కూలి వదులుకుంది. అవకాశ వ్యయం అని మనం మొదటి ఏడాది పిల్లలకి చెప్పేది అదేగా? ఆ రేటు మీ దగ్గర ఉందా?"

లేదు. నా పద్నాలుగు పేజీల్లో ఆ గడే లేదు. మంచినీళ్ళు తాగాను.

"లేదు సర్. అడగలేదు. అడగాల్సింది."

ఆయన మొదటిసారి నవ్వారు. ఆ చీటీ పీకి టేబుల్ మీద పెట్టారు.

మమ్మల్నందర్నీ బయటికి పంపారు. వరండాలో పన్నెండు నిమిషాలు. అమ్మ నా అరచేయి తన చీరకొంగుతో తుడిచింది, పరీక్షల రోజుల్లో తుడిచినట్టే. తర్వాత లోపలికి పిలుపు. డిగ్రీకి సిఫారసు చేస్తున్నామని పెద్దాయన లేచి నిలబడి చెప్పారు. చప్పట్లు, శాలువా, ఫోటోలు, సున్నుండలు. చిన్న సవరణలు మాత్రం ఉన్నాయి: అనుబంధంలోని లెక్క అధ్యాయంలోకి తేవాలి, సీజను కూలి గురించి ఒక అధోజ్ఞాపిక పెట్టాలి. అవి చేసి సాఫ్ట్‌కాపీ ఇస్తే, యూజీసీ డిజిటల్ భాండారంలోకి వెళ్తుంది. అప్పుడు అయినట్టు.

నాలుగింటికి తిరుగు బస్సు. విజయవాడలో మారి ఉయ్యూరు బస్సు ఎక్కేసరికి ఎండ పచ్చబడింది. నాన్నకి ఫోన్ చేస్తే వెనక ట్రాక్టరు మోత. "అయిందా? మంచిది తల్లీ. ఇక్కడ మూడు లోడ్లు పోయినయ్యి." సీట్లో తల ఆనించాను. పోరంకి, పెనమలూరు వెనక్కి పోతున్నాయి.

"ఆ పెద్దాయన నాట్ల సంగతేదో అడిగాడు. నువ్వు తెలీదన్నావు," అంది అమ్మ.

"నీకు అర్థమైందా?"

"సగం ఇంగ్లీషు. జడచుట్టు, నాటు, కూలి, అవి తెలుగేగా." కాసేపాగింది. "నన్నడిగితే చెప్పేదాన్ని."

"ఏం చెప్పేదానివి?"

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "ఆ ఏడు నేను నాట్లకి పోయాను. అవతలి ఊరి ముఠాతో. ఆరు రోజులు. మీ నాన్నకి తెలీదు. పిన్నీ వాళ్ళింటికని చెప్పా."

బస్సు కుదుపుకి ఫైలు ఒళ్ళోంచి జారింది. పట్టుకున్నాను.

"మరి ఆ అమ్మాయి అడిగినప్పుడు చెప్పలేదేం?"

"మీ నాన్న మంచం మీద కూర్చుని వింటంటే ఎట్లా చెబుతానే? సొంత తోట పెట్టుకుని కూలికి పోయిందని ఆయన మనసు కష్టపెట్టుకోడూ?"

పరిశోధనా పద్ధతుల పేపర్లో ఆ వాక్యం ఉంది, నేను పరీక్షలో రాశాను కూడా: ఆడవాళ్ళని విడిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. మార్కులు వచ్చాయి. ఆ తర్వాత నా సర్వేలో ఎన్ని వసారాల్లో, ఎన్ని మంచాల పక్కన, ఎందరు "ఇంట్లోనే ఉంటాగా" అన్నారో ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది.

కంకిపాడు దాటింది. నేను పెన్ను తీశాను. కాగితం కోసం ఫైలు తెరవబోతే అమ్మ తన పర్సులోంచి మడిచిన చీటీ తీసి ఇచ్చింది. పొద్దుటి టికెట్టు. వెనకవైపు ఖాళీగానే ఉంది.

"పేరు రాస్తావా?"

"రాయం అమ్మా. ఇంటి నంబరే ఉంటుంది. ఎవరిల్లో ఎవరికీ తెలీదు."

"అట్లా అయితే రాసుకో." వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "మొదటి రెండు రోజులూ వాన. మామూలు రేటే ఇచ్చారు. మూడో రోజు నుంచి మనుషులు దొరకలా..."

గండిగుంట మలుపు తిరగ్గానే మొలాసిస్ వాసన బస్సులోకి ఎక్కింది. అమ్మ ఇంకా నాలుగో రోజు దగ్గరే ఉంది.